బాగోదుగారు

నా గడియారాల కొట్టుకీ ఆయన కుట్టు కొట్టుకీ మధ్య ఉన్నది ఒక్క చెక్క అడ్డే. ఆయన మిషను ఆగితే నాకు తెలుస్తుంది, నిట్టూర్చినా తెలుస్తుంది. ఇరవై రెండేళ్లుగా ఆ చెక్క దాటి వచ్చిన మాటల్లో సగం ఒకే మాట: బాగోదు. పంట్లాం కాస్త పొట్టి చెయ్యమంటే బాగోదు. జేబు ఎడమవైపు కాక కుడివైపు పెట్టమంటే బాగోదు. పిలిచిన పెళ్లికి వెళ్లకపోతే బాగోదు, వెళ్లి తొందరగా లేచొచ్చేస్తే అస్సలు బాగోదు. వీధిలో అందరూ ఆయన్ని వెనకాల బాగోదుగారు అనేవారు. ఆ పేరు పెట్టింది నేనే. అప్పట్లో నా తెలివికి నేనే మురిసిపోయాను కూడా.

పనిలో మాత్రం వంక పెట్టడానికి లేదు. ఆయన కుట్టిన చొక్కా గుడ్డ చిరిగిపోవాల్సిందే గానీ కుట్టు ఊడదు. కాజాలు, గుండీలు, అంచులు కొట్టు వెనక గదిలో ఉండే ఆయన అక్క చేతిపని. ఆవిడకి ముప్ఫై ఏళ్లకే భర్త పోయాడు. నేను కొట్టు పెట్టిన ఏడాదే ఒక బస్సు డ్రైవరు, నెమ్మదైన మనిషి, ఆవిడని చేసుకుంటానని తమ్ముణ్ణి అడిగాడు. తమ్ముడు మెళ్లో టేపు తియ్యకుండానే ఒక్క మాట అన్నాడు. ఏ మాటో వేరే చెప్పక్కర్లేదు. డ్రైవరు మరెవర్నీ చేసుకోలేదు. ఏడాదికి రెండుసార్లు చొక్కాలు పట్టుకొచ్చి, గట్టిగా ఉన్న గుండీలే మళ్లీ కుట్టించుకునేవాడు.

కిందటేడు ఒక పెద్దావిడ ఎర్రపూల గుడ్డ తెచ్చి, చేతుల్లేని గౌను కుట్టమంది.

“మీ వయసుకి బాగోదమ్మా,” అన్నాడు దర్జీ.

“ఎవరికి బాగోదు? నాకు బాగానే ఉందే.”

ఆయన గుడ్డ తీసుకుని కొలతలు రాసుకున్నాడు. గౌను కుట్టిచ్చాడు గానీ ఆ ‘ఎవరికి’ ఆయన్ని వదల్లేదు.

మర్నాటి నుంచి నోట్లోంచి ఆ మాట వచ్చినప్పుడల్లా గుడ్డ మీద గుర్తులు పెట్టే సుద్దముక్కతో గోడ మీద ఒక గీత గీసేవాడు. మొదటిరోజు ముప్ఫై ఒకటి. గీసి ఊరుకోకుండా, అది ఎవరి గొంతో ఆలోచించేవాడు. కొట్టు కట్టేసే ముందు నాకు అప్పజెప్పేవాడు.

“ఇది మా నాన్నది. ఇది మా పంతులుగారిది. ఈ మూడూ మా బావవి. నాదంటూ ఒక్కటి కూడా దొరకడం లేదయ్యా.”

నేను నవ్వాను. మర్నాడు నావీ లెక్కపెట్టడం మొదలుపెట్టి, మధ్యాహ్నానికల్లా మానేశాను.

ఆ తర్వాత ఆయన సాధన ముదిరింది. ఒకరోజు చొక్కా తిరగేసి, కుట్లన్నీ బయటికి కనపడేలా తొడుక్కుని బజారంతా తిరిగొచ్చాడు. దర్జీ అయ్యుండి. వెళ్లేటప్పుడు గుమ్మం దాకా వచ్చి రెండుసార్లు వెనక్కి తిరగడం నేను చూశాను. తిరిగొచ్చి నా బల్ల ముందు కూలబడ్డాడు.

“ఒక్కడంటే ఒక్కడు అన్నాడయ్యా, చొక్కా తిరగబడిందని. అది కూడా దారి అడగడానికి ఆగి. ఇన్నేళ్లూ నేను ఎవరికోసం ఇస్త్రీ చేసుకున్నట్టు?”

అలా వారానికోసారి తిరగేసిన చొక్కాతో తిరిగేవాడు. గీతలు పదికి తగ్గాయి, పది రెండయ్యాయి. పొగిడినా తిట్టినా ఒకేలా తలూపేవాడు. నిజం చెప్పొద్దూ, నాకు ఒళ్లు మండేది. ఈయన మారిపోతే నేను మాత్రం ఇలాగే మిగిలిపోతానని.

పోయిన నెల డ్రైవరు వచ్చాడు.

“రిటైరయ్యానండి. శనివారం మా ఊరెళ్లిపోతున్నా. ఈ చొక్కాకి గుండీలు కుట్టించండి. ఇంకో మాట, అప్పుడు అడిగిందే మళ్లీ అడుగుతున్నా.”

మిషను ఆగింది. ఇవతల నేను విప్పిన గడియారాన్ని చేతిలో పట్టుకుని, ఆ మాట వచ్చేస్తుందని ఎదురుచూశాను. రాలేదు.

“నన్ను అడగడమేంటండీ. మా అక్కనే అడుగుతాను,” అన్నాడు దర్జీ.

ఆ సాయంత్రం అక్క ఎదురుగా కూర్చున్నాడు. “అక్కా, ఆయన నిన్ను రమ్మంటున్నాడు. వెళ్లు. అప్పుడు నేను తప్పు చేశాను.”

“ఈ వయసులోనా? బాగోదురా.”

“ఎవరికి బాగోదు?”

మాట తప్పించడానికి కాదు, ఆవిడ నిజంగానే ఆలోచించి అంది.

“ఏమోరా. నువ్వే కదా చెప్పావు.”

ఆయన గోడ మీద గీతలు చూపించాడు. ఏది ఎవరి గొంతో ఒక్కొక్కటీ విడమరిచి చెప్పాడు. పెద్దావిడ గౌను సంగతి చెప్పాడు. ఆవిడ అన్నీ విని, “నీకు మనసు తేలికపడింది కదా, అంతే చాలు,” అంది. మూడు రోజులు ఆ చెక్క అవతల ఆయన బతిమాలుతూనే ఉన్నాడు. ఎవరి కుట్టయినా విప్పగలడు గానీ, ఇది ఆయన సొంత చేతి కుట్టు. నేను పేరు పెట్టి నవ్వుకున్న మాట ఒక మనిషి బతుకునే మింగిందని అప్పుడు తెలిసి, నా మీద నాకే అసహ్యం వేసింది. వెళ్లి నేనైనా ఆవిడకి చెప్పాలనుకున్నాను. పక్కకొట్టువాణ్ణి, బాగోదని ఊరుకున్నాను.

శనివారం పొద్దున ఆవిడ డ్రైవరు చొక్కా మడతపెట్టి తమ్ముడి చేతికిచ్చింది. ఆరు గుండీలూ గట్టిగా బిగించి, లోపలి అంచున ఇంకోటి అదనంగా కుట్టింది, ఎప్పుడైనా ఒకటి ఊడితే వాడుకోడానికి. అది ఇచ్చిరావడానికి దర్జీ ఒక్కడే బస్టాండుకి బయల్దేరాడు. ఆ రోజూ ఒంటి మీద తిరగేసిన చొక్కాయే.

గుమ్మం దాటుతుంటే ఆవిడ వెనక్కి పిలిచింది.

“ఒరేయ్, చొక్కా సరిగ్గా తొడుక్కెళ్లు. ఆయన ముందు బాగోదు.”

ఆయన ఆమె ముఖంలోకి చూశాడు. గుమ్మంలోనే నిలబడి చొక్కా విప్పి, సరిగ్గా తొడుక్కుని, గుండీలన్నీ పెట్టుకుని వెళ్లాడు.