తువ్వాల కింద తేలిన ఫెలోషిప్పు

ఏడాది పొడవునా బెల్లం తప్ప మరొకటి ముట్టకుండా డాక్టరేటు సంపాదించిన మనిషి తిరుపతిలో ఒకడున్నాడు. పేరు ఏకాంబరం. ఏడాది అంటే మరీ ఏడాది కాదు, ఒక వేసవి అనుకోండి. బెల్లం తప్ప అంటే, మధ్యలో ఎవరైనా ఇడ్లీ పెడితే వద్దనలేదు. కానీ ఆ వేసవిలో అతని చుట్టూ ఈగలు ముసిరిన మాట నిజం. అందులో ఒక్క ఈగను కూడా తగ్గించేది లేదు.

ఏకాంబరానిది వడమాలపేట. తొంభైల నడిమిలో తిరుపతిలో ఒక విశ్వవిద్యాలయంలో ఆర్థికశాస్త్ర పరిశోధనకు చేరాడు. అంశం చిత్తూరు బెల్లం మండీలు. నెలనెలా వచ్చే ఫెలోషిప్పు మెస్ బిల్లుకు సరిపోయేది. సబ్బు కొంటే ఆ నెల గడ్డం గీసుకోవడం మానుకోవాలి. ఫెలోషిప్పు ఆగితే మెస్ ఆగుతుంది, మెస్ ఆగితే హాస్టల్ గది పోతుంది, గది పోతే రాసినంత సిద్ధాంతగ్రంథమూ వడమాలపేట అటకెక్కుతుంది. అందుకే అతను ఆఫీసు ప్యూను కనబడినా నమస్కారం పెట్టేవాడు.

చిత్తూరులో దేవరాజులు పెద్ద మండీ యజమాని. తన వ్యాపారం మీద ఎవరో పుస్తకం రాస్తున్నారని తెలిసి ఆయన ఒళ్ళు పొంగింది. వర్తకుల సంఘం వార్షికోత్సవంలో ఏకాంబరాన్ని వేదిక మీదికి పిలిచి, శాలువా కప్పి, మైకు అందుకున్నాడు.

"ఈ పిల్లోడు మన బెల్లం మీద రాస్తా ఉండాడు. సదువు అయిపోయేదాకా నెలకు రెండు గంపల బెల్లం నాది! దుడ్డిస్తే సినిమాలకు పోతాడు. బెల్లమైతే యాడికీ పోడు!"

చప్పట్లు మోగాయి. మర్నాడు జిల్లా పేజీలో ఫొటో పడింది. 'పరిశోధక విద్యార్థికి దాత నెలవారీ సాయం' అని శీర్షిక. చోటు చాలక విలేకరి బెల్లం అన్న మాట ఎగరగొట్టాడు.

ఆ పత్రికను విశ్వవిద్యాలయంలో ఫెలోషిప్పుల సెక్షన్ సూపరింటెండెంటు జయచంద్ర చదివాడు. ఆఫీసులో ఆయన శ్రద్ధగా చేసే పని అదొక్కటే.

"ఏమప్పా ఏకాంబరం, బయట సాయం తీసుకుంటా ఉండావంటనే?"

"అది బెల్లం సార్."

"రూల్లో 'ఏ రూపములోనైనను' అని ఉండాది. బెల్లానికి రూపం లేదా?"

"బెల్లంతో మెస్ బిల్లు కట్టలేను సార్."

"బెల్లం తినేవాడికి మెస్ ఎందుకు? దాని విలువ ఎంతో తేలనీ, అంత మేర నీ ఫెలోషిప్పులో కోస్తాం. తేలేదాకా మొత్తం నిలిపేస్తాం."

ఏకాంబరం చిత్తూరు బస్సెక్కాడు. బెల్లం వద్దు మహాప్రభో అన్నాడు.

"మైకులో సెప్పినాను కదప్పా! ఇప్పుడు వద్దంటే నా మొగం యాడ పెట్టుకునేది? సాలక అడగతా ఉండావా? ఇంకో గంప తీసుకో!" అన్నాడు దేవరాజులు.

మూడు గంపలతో తిరిగొచ్చాడు. మెస్ నడిపే చిన్నబ్బ జాలిపడి, బిల్లు కింద బెల్లమే జమ చేసుకున్నాడు. ఆ వారం సాంబారు తీపి, రసం తీపి, వంకాయ కూర మరీ తీపి. చక్కెర జబ్బున్న వార్డెను ఒక పూట భోజనానికి కూర్చుని, లేవకుండానే ఆర్డరు వేశాడు: మెస్‌లోకి బెల్లం రాకూడదు. బెల్లం ఏకాంబరం గదికి చేరింది. వెనకే ఈగలూ చేరాయి.

చివరికి జయచంద్ర విలువ తేల్చడానికి స్వయంగా జీపులో చిత్తూరు బయల్దేరాడు. ఆ సంగతి తెలిసి ఏకాంబరం ఒక రోజు ముందే దేవరాజులు దగ్గర వాలాడు. మండీలో ధర నోటితో చెప్పరు. అమ్మేవాడూ కొనేవాడూ తువ్వాల కింద చేతులు కలిపి, వేలికి వంద లెక్కన వేళ్ళు నొక్కి బేరమాడుకుంటారు. తువ్వాల తీస్తే బేరం తెగినట్టే. ఎంతకు తెగిందో మూడోవాడికి తెలియదు. తన సరుకు చవకని దేవరాజులు నలుగురిలో చచ్చినా అనడు. తువ్వాల చాటున అయితే పరువు పోకుండా తక్కువ చెప్పవచ్చు. అదీ ఏకాంబరం ఆశ.

"సరే పో, నీ కోసం నాసిరకం ధర నొక్కతా. ఎవురికీ సెప్పబాక," అన్నాడు దేవరాజులు.

మర్నాడు బెల్లం రాశి పక్కన పెద్దమనుషులిద్దరూ నిలబడ్డారు. దేవరాజులు తువ్వాల కప్పి రెండు వేళ్ళు నొక్కాడు.

జయచంద్ర సర్వీసులో బల్ల కింద చేతులు చాలా కలిశాయి. తువ్వాల కింద ఇదే మొదలు. అయినా కింద కలిసే చేతికి అర్థం ఒకటేనని ఆయన నమ్మకం. తన చేతికి వచ్చేది రెండు వందలనుకున్నాడు. చిన్నగా నవ్వి, నాలుగు వేళ్ళు నొక్కాడు.

దేవరాజులు బిత్తరపోయాడు. చెప్పిన ధరకు రెట్టింపు ఇస్తానంటున్నాడంటే ఇతను సరుకు కొనడానికి వచ్చాడన్నమాట! ఏకాంబరానికిచ్చిన మాట ఆ క్షణమే మరిచిపోయి అయిదు వేళ్ళూ చాచాడు. జయచంద్ర ఆనందంగా అయిదింటినీ ఒడిసి పట్టుకున్నాడు. దేవరాజులు తువ్వాల లాగి గాలిలో విసిరాడు.

"తెగింది! రాశి మొత్తం సార్‌ది! జీపుకెత్తండప్పా!"

హమాలీలు పరిగెత్తుకొచ్చారు. జయచంద్ర జీపుకు అడ్డంగా నిలబడ్డాడు.

"నేను కొన్లేదయ్యా!"

"మరి యేళ్ళు ఎందుకు నొక్కినారు సార్?"

ఎందుకు నొక్కాడో చెప్పడం రాశి బెల్లం కొనడం కన్నా ఖరీదైన వ్యవహారం.

అప్పుడు ఏకాంబరం, అన్నాళ్ళ తీపి తిండికి మెదడు చురుకెక్కిందో ఏమో, ఇద్దరి మధ్యకూ వచ్చాడు. "అన్నా, సార్ కాణిపాకం సామికి మొక్కుకోని వచ్చినారు. ఈ రాశి ఉండ్రాళ్ళకంట. సామి సొత్తుకు దుడ్డు అడగతావా?"

మండీ అంతా దేవరాజులు వైపు చూసింది. "సామి పేరు సెప్పినాక నేనెట్లడగతాను? కానీ గుడి మైకులో మాత్రం నా పేరే సెప్పాల!" అన్నాడాయన.

రాశిని కాణిపాకం గుడిలో దింపి జీపులో వస్తుంటే తిరుగుదారిలో జయచంద్ర గొంతు తగ్గింది. "మరి నీ మూడు గంపల సంగతి ఏం రాయమంటావు నాయనా?"

"అవీ ప్రసాదమే సార్. ప్రసాదానికి విలువ కడతారా ఎవరైనా?"

'సదరు బెల్లము ప్రసాదము. విలువ లేదు' అని ఫైలులో పడింది. బకాయిలతో సహా ఫెలోషిప్పు వచ్చింది. పుస్తకం పూర్తయింది.

ఇప్పుడు డాక్టర్ ఏకాంబరం గారు అదే విశ్వవిద్యాలయంలో ఫెలోషిప్పుల కమిటీకి అధ్యక్షులు. బయటి సాయం విషయంలో మహా కఠినులు. నిరుడు ఒక పరిశోధకురాలికి పుత్తూరు కట్టువైద్యుడొకాయన సైకిలు కొనిస్తే, సీటుకు వేరుగా, గంటకు వేరుగా విలువ కట్టించి కోత పెట్టారు. ఆ పిల్ల ఊరుకోలేదు. మీ కాలంలో మీకేదో బెల్లం అందిందట కదా సార్, అని కమిటీ ముందే అడిగేసింది.

అధ్యక్షులవారు కళ్ళజోడు తీయలేదు, గొంతు పెంచలేదు.

"అంతా అబద్ధం. బయటి నుంచి నేను ఒక్క పలుకు బెల్లం కూడా తీసుకోలేదు. దేవరాజులెవరో నాకు తెలీదు. అసలు చిత్తూరు మండీలో నేను ఎప్పుడూ అడుగే పెట్టలేదమ్మా."