ఒంటి కొలత ఎరిగిన పద్మావతమ్మ

మంగళవారం పొద్దున మాన్విలో బస్సెక్కి రాయచూరు వస్తుండగా మా దుకాణం పక్క దారాల కొట్టు రాజయ్య శెట్టి గారి దగ్గర నుంచి ఫోను వచ్చింది. "దుకాణం తియ్యకు లక్ష్మీ. సీదా ఇంటికి రా. మీ అమ్మ పోయింది" అన్నారాయన. మమ్మల్ని చూడవచ్చిన నన్ను కన్నతల్లి గంట కిందట మా ఊళ్ళో నా చేతికి అన్నం డబ్బా ఇచ్చి పంపింది. ఆయన ఎవరి సంగతి చెబుతున్నారో తెలియడానికి కొన్ని క్షణాలు పట్టింది. తెలిశాక ఏం చేశానో గుర్తు లేదు. పక్క సీటులోని ఆవిడ చెయ్యి పట్టుకొని కూర్చోబెట్టేదాకా, నడుస్తున్న బస్సులో లేచి నిలబడి ఉన్నానట.

పద్మావతమ్మ గారు ఇక లేరు. ముందురోజు సాయంత్రం నాతో కలిసి కొత్త సరుకు సర్ది, మెడలో కొలత టేపు తియ్యడం మరచి అలాగే ఇంటికి వెళ్ళిన మనిషి, తెల్లవారి పూజకు పూలు కోస్తూ గుండె ఆగి ఒరిగిపోయారు. ఆమెకు అరవై ఆరేళ్ళు. ఆ వయసులో కూడా మధ్యాహ్నం పూట కునుకు తీయడమంటే ఆమెకు నామోషీ.

రాయచూరు బజారులో, భర్త రాజయ్య శెట్టి గారి దారాల కొట్టును ఆనుకొని, ఆమెది ఒక చిన్న దుకాణం. 'లోదుస్తులు, సర్జికల్ బెల్టులు' అని బోర్డు మీద కన్నడంలోనూ తెలుగులోనూ రాసి ఉంటుంది. రోజూ దాని ముందు నుంచి నడిచిపోయే వందలాది జనంలో, లోపల వేలాడే ఆ నీలి తెర వెనక ఒక మహత్తరమైన సేవ జరుగుతున్నదని ఎరిగినవారు బహు కొద్దిమంది. పేరుకుపోయిన కొవ్వునూ, సాగి వేలాడే చర్మాన్నీ శస్త్రచికిత్సతో తీయించుకున్న స్త్రీలు, గాయం మానేదాకా వారాల తరబడి బిగుతైన దుస్తులు ధరించాలి. వాటిని డాక్టర్లు కంప్రెషన్ గార్మెంట్లంటారు, మా బజారు బెల్టులంటుంది. వాటిని కొలిచి, ఎంచి, తొడిగి, విప్పి, మళ్ళీ తొడగడం నేర్పే విద్యలో పద్మావతమ్మ గారికి సాటి రాగలవారిని నేను చూడలేదు. ఆమె శిష్యురాలిని కాబట్టి ఇలా అంటున్నానని ఎవరైనా అనుకుంటే అనుకోవచ్చు. శిష్యురాలిని కావడానికి ముందు నేను ఆమె చేతికింద రోగిని.

మాది తుంగభద్ర కాలువ కింద వరి పండించే క్యాంపు, అంటే వలస రైతుల ఊరు. మా తాతలు గోదావరి పక్క నుంచి వచ్చి ఇక్కడ మడులు కట్టారు. ఇద్దరు పిల్లలు పుట్టాక నేను విపరీతంగా లావయ్యాను, రెండేళ్ళు తంటాలు పడి తగ్గాను. కొవ్వు పోయింది కానీ పొట్ట చర్మం ముందుకు మడతలా వేలాడిపోయింది. ఎండాకాలం ఆ మడత కింద చెమటకు ఒరుసుకుపోయి పుండ్లు పడేవి. నాట్లకు వంగలేకపోయేదాన్ని. హైదరాబాదులో ఒక సర్జను ఆ చర్మం తీసి, విడిపోయిన కండరాలను కుట్టారు. మా అత్తగారు దానికి 'షోకు ఆపరేషన్' అని పేరు పెట్టారు. నాకు అన్నం పెట్టేవారు, మాట్లాడేవారు కాదు.

వాపు కాస్త తీశాక ఆసుపత్రిలో ఇచ్చిన బెల్టు వదులైంది. ఎంత బిగిస్తే అంత త్వరగా సన్నబడతావని ఒక చుట్టాలమ్మాయి చెబితే, డాక్టరును అడగకుండా రెండు సైజులు చిన్నది తెప్పించుకున్నాను. మూడు రోజులు పళ్ళ బిగువున వేసుకున్నాను. నడుము దగ్గర అది తాడులా చుట్టుకుపోయి కుట్ల పక్కనే కోసుకుపోయింది. తొడలు తిమ్మిరెక్కాయి. కూర్చుంటే ఊపిరాడేది కాదు. భయపడి ఆసుపత్రికి ఫోను చేస్తే అక్కడి నర్సు, రాయచూరు బజారులో ఒకావిడ ఉన్నారు, వెంటనే వెళ్ళి చూపించుకోండి, ఆవిడ చూసి మాతో మాట్లాడతారు అని చెప్పింది.

అలా మా ఆయన నన్ను కారులో పడుకోబెట్టి తీసుకువచ్చారు. పద్మావతమ్మ గారు నా నడక చూసి ఒక్క ప్రశ్న కూడా వేయకుండా తెర వెనక్కి తీసుకుపోయారు. నిలబడి విప్పబోతే ఆపారు. బిగింపు ఒక్కసారిగా వదిలితే కళ్ళు తిరుగుతాయని, బల్ల మీద కూర్చోబెట్టి, నీళ్ళు తాగించి, ఒక్కొక్క కొక్కెమే నిదానంగా తీశారు. నడుము చుట్టూ కందిపోయిన గాటును వంగి చూశారు.

"ఏంది బిడ్డా, నీ ఒంటి మీద నువ్వే పగ పట్టినవా? గిది నిన్ను పట్టుకోనీకి ఉన్నది, నలపనీకి కాదు" అన్నారు.

ఆపరేషనైనప్పటి నుంచీ నన్ను ఎవరూ బిడ్డా అని పిలవలేదు. నేను అక్కడే ఏడ్చేశాను. ఆమె ఏడవనిచ్చారు. ఆ తర్వాత గాటును ఫోటో తీయించి సర్జనుకు పంపి, ఆయనతో మాట్లాడి, ఆయన సరేనన్నాకే టేపు చేతిలోకి తీసుకున్నారు. ఆపరేషన్ ముందటి కొలతలు అడగనే లేదు, అవి పాత మనిషివి అన్నారు. రొమ్ముల కింద, నడుము దగ్గర, పిరుదుల వద్ద, రెండు తొడలకూ వేరువేరుగా కొలిచారు. కుట్టు బయటి వైపు ఉన్నది, ముందు రెండు వరుసల కొక్కేలున్నది, అంచు గాయం గీత మీద పడకుండా రొమ్ముల కిందిదాకా వచ్చేది ఎంచారు. లోపల పలుచటి నూలు బనియను వేయించారు. తొడిగాక తన అరచేతిని అందులోకి జొనిపి చూశారు. "అరచెయ్యి దూరాలె, పిడికిలి దూరొద్దు. గంతే లెక్క" అన్నారు. ఈ మాట తర్వాత కొన్ని వందలసార్లు విన్నాను. ఒకటి ఉతికితే ఒకటి కట్టుకోవడానికి రెండు కావాలనీ, చల్లటి నీళ్ళలో చేత్తోనే ఉతికి నీడన ఆరబెట్టాలనీ, ఎన్ని వారాలన్నది డాక్టరు చెప్పాలి గానీ తాను కాదనీ చెప్పారు.

అంతటితో వదల్లేదు. సిగ్గుతో గుమ్మంలోనే నిలబడ్డ మా ఆయనను లోపలికి పిలిచి, కింది నుంచి పైకి కొక్కేలు ఎలా పెట్టాలో ఆయన చేతనే పెట్టించారు. ఆయన మొదటి కొక్కెమే తప్పించి పెట్టారు. వడ్ల బస్తాలు కుట్టిన చేతులే కదా, గింత సుతారంగా కూడా చేయగలవు అని ఆమె ధైర్యం చెప్పారు. ఆ రోజు నుంచి గాయం మానేదాకా రోజూ పొద్దున నాకు బెల్టు తొడిగింది మా ఆయనే.

వారం తర్వాత మళ్ళీ రమ్మన్నప్పుడు, మీ అత్తను వెంట తెచ్చుకో అన్నారు. అత్తగారు వచ్చి ముభావంగా కూర్చున్నారు. పద్మావతమ్మ గారు చాయ్ ఇచ్చి, పిల్లల గురించి, పంట గురించి మాట్లాడి, చివరకు మెల్లగా అడిగారు: "బాలింతప్పుడు నువ్వు నడుముకు గుడ్డ కట్టుకోలేదా వదినా?"

"కట్టుకున్నానండి. మా అమ్మే బిగించి కట్టేది."

"గిది గూడ గసొంటిదే. నీ కోడలికి కట్టేటందుకు అమ్మ దగ్గర లేదు, నువ్వున్నవ్."

మర్నాడు దండెం మీద నా రెండో బెల్టు ఉతికి ఆరేసి ఉంది. ఉతికింది నేను కాదు.

గాయం మానాక కూడా ఏదో వంకతో నేను ఆ దుకాణానికి వెళుతూనే ఉన్నాను. ఒకరోజు ఆమె, వట్టిగ కూసునే బదులు పని నేర్చుకో అన్నారు. అలా అయిదేళ్ళు గడిచాయి.

మొదటివారంలోనే ఆమె తన తప్పును నాకు చెప్పారు. గొప్పలు ఎన్నడూ చెప్పుకోని మనిషి, తప్పును మాత్రం శిష్యురాలికి తొలిపాఠంగా చెప్పడం ఆమె వ్యక్తిత్వానికి గీటురాయి. ఇంటి దగ్గర జాకెట్లు కుడుతూ కుడుతూ ఆమె ఈ దుకాణం పెట్టిన తొలిరోజులు. ఈ బెల్టులు కూడా ఆమెకు అప్పుడు బనియన్లలాంటి సరుకే. లింగసుగూరు నుంచి, కొవ్వు తీయించుకున్న ఒక అమ్మాయి వచ్చి ఒక సైజు తక్కువది కావాలని పట్టుబట్టింది. అడిగిందే ఇచ్చారు. పది రోజులకు ఆ అమ్మాయి తల్లి వచ్చింది. పిరుదు పక్కన చర్మం బొబ్బలెక్కి నల్లబడిందని, ఇక ఆ బెల్టు వద్దని, తిరిగి తీసుకోమని మాత్రమే అడిగింది. ఎవరూ నింద వేయలేదు. పద్మావతమ్మ గారే బస్సెక్కి లింగసుగూరు వెళ్ళి, ఆ అమ్మాయి మంచం పక్కన కూర్చొని, "నాకు తెల్వక ఇచ్చిన తల్లీ. తప్పు నాది" అని ఒప్పుకున్నారు.

అక్కడి నుంచి నేరుగా హైదరాబాదు వెళ్ళి, ఆ అమ్మాయికి ఆపరేషన్ చేసిన సర్జను గది బయట రెండు రోజులు కూర్చున్నారు. రోగి అనుకొని లోపలికి పిలిస్తే, రోగిని కాదు సార్, మీ రోగులకు బట్టలు ఇచ్చేదాన్ని, నాకు నేర్పండి అని అడిగారు. ఆయన ముందు విస్తుపోయి, తర్వాత తన నర్సుకు అప్పగించారు. ఏడో తరగతితో చదువు ఆపిన ఆ ఇల్లాలు వారం రోజులు వార్డులో నిలబడి వాపు అంటే ఏమిటో, గాయం ఎలా మానుతుందో, ఎప్పుడు భయపడాలో నేర్చుకున్నారు. ఆ తర్వాత డాక్టరు చీటీ లేకుండా, తన చేత్తో కొలవకుండా, ఒక్కరికి కూడా ఆమె బెల్టు ఇవ్వలేదు. ఆపరేషన్ ఏదీ లేకుండా, కూతురు పెళ్ళిలో సన్నగా కనబడాలని వచ్చిన పెద్దింటి ఆవిడను కూడా, ఆ బట్ట వేరే కొట్టులో దొరుకుతుందని మర్యాదగా పంపేశారు.

ఆమె విద్యకు పరాకాష్ఠ అనదగిన సంఘటన నా కళ్ళ ముందే జరిగింది. జాలహళ్ళి నుంచి ఒకావిడ వచ్చింది. ఆపరేషనై పన్నెండు రోజులైంది. బెల్టు బిగుతై కాలు వాచింది, పెద్ద సైజు ఇవ్వండి అని అడిగింది. చూస్తే ఎడమ పిక్క నిజంగానే వాచి ఉంది. నేను పెద్ద సైజు తీయడానికి లేచాను. పద్మావతమ్మ గారు నా చెయ్యి పట్టుకొని ఆపారు. వంగి రెండు పిక్కలనూ చేత్తో తాకి చూశారు.

"రెండు కాళ్లూ ఒక్క బెల్టులనే ఉన్నయ్ గద. ఒక్కటే ఎందుకు వాచింది, ఒక్కటే ఎందుకు కాలుతున్నది?" అన్నారు. నాతో అన్నారో, తనతో తను అనుకున్నారో తెలియదు. మరుక్షణం దుకాణం నాకు వదిలి, ఆవిడను నడవనీయకుండా ఆటోలో ఎక్కించుకొని ఆసుపత్రికి పోయారు. అక్కడ వరుసలో కూర్చోమన్నారట. ఆమె కూర్చోలేదు. డాక్టరు గది తలుపు దగ్గరే నిలబడి, ఆపరేషనైన మనిషి, ఒక్క కాలే వాచింది, నెత్తురు గడ్డ కట్టిందేమో ఇప్పుడే చూడండి అని కన్నడంలో గట్టిగా చెప్పారట. స్కానింగులో అదే తేలింది. ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరి ఉంటే ప్రాణానికే ముప్పని డాక్టరు చెప్పారు. చికిత్స మొదలైంది, మనిషి దక్కింది.

ఆ డాక్టరు బయటికి వచ్చి, మీరు ఏ ఆసుపత్రిలో నర్సుగా చేస్తున్నారమ్మా అని అడిగారట. నేను బట్టలు అమ్ముకుంటాను సార్ అన్నారట ఈమె. సాయంత్రం ఈ సంగతి నాకు చెబుతూ ఆమె నవ్వారు. ఆ నవ్వులో ఉన్న గర్వాన్ని నేను ఆమె ముఖంలో అదొక్కసారే చూశాను. నా గుండెలో అది ఇప్పటికీ ఉంది.

మంగళవారం మధ్యాహ్నం ఆ ఇంటి ముందు ఆడవాళ్ళు వస్తూనే ఉన్నారు. మాన్వి నుంచి, దేవదుర్గం పక్క పల్లెల నుంచి, రాయచూరులోని పెద్ద ఇళ్ళ నుంచి. బురఖా వేసుకున్నవారు కొందరు, కన్నడం తప్ప మరో మాట రానివారు కొందరు. వచ్చి, ఆమె పాదాల దగ్గర కాసేపు నిలబడి, ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్ళిపోతున్నారు. ఎవరమ్మా మీరు అని ఇంటివాళ్ళు అడిగితే, తెలిసినవాళ్ళం అంటున్నారు. తన దగ్గరికి వచ్చినవారి పేరు ఆమె కట్టుకున్న భర్తకు కూడా ఏనాడూ చెప్పలేదు. నాకు వాళ్ళందరూ తెలుసు. ఎవరి నడుము ఎంతో, ఎవరి గాయం ఎక్కడో తెలుసు. నేనూ తలవంచుకొని కూర్చున్నాను.

రాజయ్య శెట్టి గారు నా పక్కకు వచ్చి నెమ్మదిగా అడిగారు: "గింతమంది మాకు చుట్టాలున్నరా లక్ష్మీ?"

"ఉన్నారండి" అన్నాను.

నిన్న ఆయనే తాళాలు పంపి దుకాణం తెరవమన్నారు. ఆపరేషనై పదిరోజులైన ఒక అమ్మాయి డాక్టరు చీటీతో వచ్చింది. తెర వెనక కూర్చోబెట్టాను. నిదానంగా విప్పాను, కొలిచాను, ఎంచాను, తొడిగాను. హాయిగా ఉందండి అంది. అప్పుడు నేను అలవాటుగా పక్కకు తిరిగి, "సరిపోయిందా అమ్మా?" అని అడిగాను. తనను అడుగుతున్నాననుకొని ఆ అమ్మాయి "సరిపోయింది" అంది.

ఆ జవాబు చెప్పవలసిన మనిషి లేని లోటు నా జీవితంలో తీరేది కాదు. మేలు పొందినవారెవరూ పైకి చెప్పుకోలేని సేవను ముప్పై ఏళ్ళు నిశ్శబ్దంగా చేసి వెళ్ళిన ఆ మహోన్నత స్త్రీమూర్తికి, వాళ్ళందరి తరఫునా, వాళ్ళ పేర్లు చెప్పకుండానే, నమస్కరిస్తున్నాను.