తాళం ఇవ్వని వీరుడి కథ

మొన్న మా మనవరాలి బడివాళ్లు పిల్లల పుస్తకాలు ఏరిపెట్టమని నన్ను పిలిచారు. పూర్వం కువైట్‌లో ఒక బడి లైబ్రరీలో పనిచేసిన ముసలావిడ కదా అని కాస్త గౌరవం. బల్ల మీద పరిచినవాటిలో, ఇనుప కవచాలు తొడుక్కుని గుర్రాలెక్కే మధ్యయుగపు వీరుల కథలు నాలుగైదు రకాలున్నాయి. అన్నింటికీ చివర విందే! ఓటమి లేదు, చావు లేదు, పంతం అసలే లేదు. పిల్లల మనసు నొచ్చుకోకూడదండీ అని ఆ టీచరమ్మ మెత్తగా చెబుతుంటే నాకు ఒళ్లు మండింది. ఆ అమ్మాయి మీద కాదు, ఒకప్పటి నా మీదే.

మన వయసు వాళ్లకు తొంభైలో వచ్చిన ఆ ఆగస్టు గురించి చెప్పనక్కర్లేదు. ఇరాక్ సైన్యం కువైట్ మీద వచ్చిపడేనాటికి బడులకు సెలవులు. కొత్త ఏడాదికి ఏ పుస్తకాలు తెప్పించాలో తేల్చమని సాల్మియాలోని మా బడివాళ్లు అప్పగించిన నమూనా ప్రతులు, ఖైతాన్‌లో మా ఆయనా నేనూ ఉండే ఫ్లాట్‌లో మంచం కింద ఉండిపోయాయి. ఏ పుస్తకమైనా ఆఖరి పేజీ ముందు చదవడం నా పద్ధతి. అక్కడ కన్నీళ్లుంటే పక్కన పెట్టేయడమే. వాటిలో ఒకే వీరుడి కథను రెండు రకాలుగా చెప్పిన పుస్తకాలున్నాయి. ఊళ్లో లేని ప్రభువు కోటకు అతను కాపలా. పలచటి పుస్తకంలో శత్రురాజుకు తాళాలిచ్చేసి, మన్నన పొంది, విందుకు కూర్చుంటాడు. లావుపాటిదాంట్లో ఇవ్వనంటాడు, చెరసాలకు పోతాడు, అక్కడే కన్నుమూస్తాడు. నేను పలచటిదాన్ని జాబితాలో రాసుకుని, లావుదాన్ని తిప్పి పంపే కట్టలో పడేశాను.

మా పై అంతస్తులో కడప జిల్లా కుటుంబం ఒకటి ఉండేది. ఆయన ఒక కువైటీ ఇంట్లో డ్రైవరు, ఆమెది కుట్టుపని, తొమ్మిదేళ్ల కూతురు ఒక్కతే. ఆయన కఫీల్, అంటే వీసా ఇప్పించి పనిలో పెట్టుకున్న ఆ యజమాని, కుటుంబంతో సెలవులకు విదేశం పోతూ ఇంటి తాళం ఈయన చేతిలో పెట్టిపోయాడు. సైనికులు ఆ ఇల్లు తెరవమంటే తెరవనన్నాడట, పట్టుకుపోయారు. ఎక్కడికో ఎవరికీ తెలియదు. రొట్టెల వరసల్లో నిలబడి వచ్చి, ఇండియా చేరడానికి జోర్డాన్ పోయే బస్సుల సంగతి మాట్లాడుకుంటూ, మేమంతా చివరికి ఆయన్నే ఆడిపోసుకునేవాళ్లం. కింది ఇంట్లో ఉండే వాళ్ల ఊరి మనిషి అయితే మరీను. "ఎవని ఇల్లో, ఎవని సొమ్మో! ఆ తాళం వాండ్ల మొగాన కొట్టి ఖలాస్ అనుకోవాల్సింది. పెండ్లాం బిడ్డ గుర్తుకు రాలేదా పిచ్చోనికి?" అన్నాడు. ఆ పిల్ల మెట్ల మీద కూర్చుని అంతా వింటూనే ఉంది. అవునవునని నేనూ తలూపాను, దాచడమెందుకు.

పిల్లలు వీధిలోకి పోకుండా మధ్యాహ్నాలు మా ఇంట్లో కూర్చోబెట్టి, ఇంగ్లిషు పుస్తకం చూస్తూ తెలుగులో కథ చెప్పేదాన్ని. ఒకరోజు ఆ పలచటిది తీశాను. నా బుద్ధి గడ్డి తిని, ఏ కథ ఎవరి ముందు చెబుతున్నానో తట్టనే లేదు. వీరుడు తాళాలిచ్చి విందుకు కూర్చోగానే ఆ పిల్ల లేచి నిలబడింది.

"అయితే మా నాయన పిచ్చోడేనా ఆంటీ?"

ఏడవలేదు. దానికి జవాబు కావాలి, అంతే. నేను కట్ట విప్పి లావు పుస్తకం తీశాను. ఆఖర్న ఏమవుతుందో చెప్పగానే, గుమ్మంలో కూర్చుని కుట్టుకుంటున్న వాళ్లమ్మ వచ్చి, చదవొద్దని నా చెయ్యి పట్టుకుంది. చావు కథ చదివే సమయమా ఇది అని మా ఆయన గుడ్లురిమారు. ఇదే సమయం అన్నాను. నాన్న తెలివితక్కువవాడని నమ్మించి ఆ పిల్లను బస్సెక్కించడం నా వల్ల కాదు. చెరసాల వదలకుండా, చావు వదలకుండా, ఒక్క వాక్యం మింగకుండా చదివాను. పిల్ల అంతా విని, అతను ఇవ్వనన్న పేజీ మళ్లీ చదవమంది. మూడుసార్లు చదివించుకుంది. మూడోసారికి వాళ్లమ్మ నా చెయ్యి వదిలేసి పక్కనే కూర్చుని వింది.

మా బస్సుకు రెండు రోజుల ముందు ఆ పిల్ల తండ్రి తిరిగొచ్చాడు, గడ్డం మాసిపోయి, కుంటుకుంటూ. యజమాని ఇల్లు మాత్రం దక్కలేదు. తలుపులు బద్దలుకొట్టి, ఏసీలతో సహా ఊడబెరుక్కుపోయారట. దెబ్బలు తిని ఏం సాధించావయ్యా అని ఆ కింది ఇంటాయన నలుగురిలో నవ్వాడు. ఆయన తలొంచుకున్నాడు. ఆ పిల్ల తండ్రికి అడ్డంగా వచ్చి నిలబడింది.

"మా నాయన ఇయ్యలేదు గాబట్టే గదా, వాండ్లు పగలగొట్టుకోవాల్సొచ్చింది!"

ఒకరి ఇంటి తాళం ఒకరి చేతిలో పెట్టిపోయే రోజులు ఇప్పుడెక్కడివి లెండి, గుమ్మం దగ్గర అంకెలు నొక్కితే తలుపులు తెరుచుకుంటున్నాయి. దానికి నాకు దిగుల్లేదు. నాన్న పక్షాన అట్లా నిలబడి మాట్లాడే పిల్లలు తగ్గిపోయారే అన్నదే నా దిగులు, ఆ తప్పు మాత్రం వాళ్లది కాదు, విందు కథలే ఏరిపెట్టిన నాలాంటివాళ్లది.