రెండు కళ్ల కెమెరా, ఒక తోలుబిళ్ల

తోలుసంచి మూత తీయగానే కలరా ఉండల ఘాటు, దాని వెనకే ఫోటోలు కడిగే మందు పులుపు వాసన మా మదనపల్లె ఇంటి హాలంతా కమ్మేశాయి. పుంగనూరులో అవ్వ పోయాక ఇల్లు సర్దినప్పుడు ఎవరికీ అక్కర్లేక నా దగ్గరికి చేరిన తాత కెమెరా అది. ముందువైపు ఒకదాని మీద ఒకటిగా రెండు గాజు కళ్లు, నెత్తిమీద మూత తెరిస్తే తల వంచి చూసుకోవడానికి గాజుపలక. మా ఆయన దాన్ని చూసి ఊరికే సంబరపడిపోయి, పాప మొదటి పుట్టినరోజు ఫోటో దీంతోనే తీయాలని ఎక్కడినుంచో రీలు తెప్పించాడు, సెల్‌ఫోన్లకు వాడే పుల్లకాళ్ల స్టాండొకటి తెప్పించాడు. ఇవాళ పొద్దున నేను వంటింట్లో రాగిజావ కాచుకుంటుంటే, హాల్లో కూర్చుని కెమెరా అడుగున స్టాండు మరను, అదే స్క్రూను, గ్యాసు సిలిండరుకు రెగ్యులేటరు బిగించినట్టు పళ్లు కరుచుకుని తిప్పుతున్నాడు.

నా అరుపుకు పాప ఉలిక్కిపడి ఏడుపందుకుంది.

"ఏందిమే, బాంబేమన్నా పెట్నానా? కింద పడకుండా గట్టిగా బిగిస్తాండా, అంతే కదా!"

గట్టిగా అనే మాట వింటేనే నాకు ఒళ్లు మండుతుంది. ఈ కెమెరాల అడుగున ఉండేది పలుచని రేకు, దాంట్లో మర ఎక్కే గుంత గోరంత లోతు. స్టాండు మర దానికన్నా పొడుగుంటే, బిగించేకొద్దీ మర మొన పోయి గుంత అడుగును తన్నుతుంది, రేకు ఉబ్బుతుంది. రీలు పెట్టే వెనక తలుపు గొళ్లెం కూడా ఆ అడుగుననే ఉంటుంది గనుక తలుపు సరిగ్గా మూసుకోదు. ఇదంతా నేను చెబుతుంటే ఆయన "సరేలే, ఇంజినీరమ్మా" అని నవ్వాడు. నవ్వేవాళ్లకేం, ఆ రేకు ఉబ్బితే ఏమవుతుందో తొమ్మిదేళ్లప్పుడు కళ్లారా చూసినదాన్ని నేను. ఇప్పుడు ఇల్లు సద్దుమణిగాక కూర్చుని రాస్తుంటే కూడా విసుగు తగ్గడం లేదు, అది ఆయన మీదో నా మీదో తేలడం లేదు.

తాత స్టూడియో పుంగనూరు బస్టాండు వెనక సందులో ఉండేది. ముందు గదిలో మేడమెట్లు, పూలకుండీలు వేసిన తెర, వెనక గదిలో ఎర్రబల్బు, ఆ రెండింటి మధ్య నడవాలో గోడకు ఆనించి కొయ్యస్టాండు. ఎండాకాలం సెలవులన్నీ నేను ఆ నడవాలోనే చల్లటి బండల మీద బోర్లా పడుకుని గచ్చకాయలు ఆడేదాన్ని, వానాకాలం వస్తే తెర ముక్కిపోయిన వాసన కొడుతుందని అవ్వ సాంబ్రాణి వేసి పొగంతా మా కళ్లల్లోకి విసిరేది. తాతకు పొద్దున లేవగానే కాఫీకన్నా ముందు ఆ స్టాండు మూడు కాళ్లూ తడిగుడ్డతో తుడవాలి. ఒక కాలు ఎప్పుడూ కెమెరా కళ్లున్న దిక్కుకే చాచాలి, నడుమ కొక్కేనికి రాళ్లసంచి వేలాడాలి, మర రెండు వేళ్లతోనే తిప్పాలి, మూడో వేలు తగిలిందంటే తిట్లు. ఆ మర మరీ పొడుగని, పాత చెప్పు తోలును రూపాయిబిళ్లంత గుండ్రంగా కోసి, నడుమ తూటు పెట్టి, మరకు తొడిగి ఉంచేవాడు. ఆ బిళ్ల మందం వల్ల మర ఎంత కావాలో అంతే లోపలికి పోయేది.

పండగలకీ పబ్బాలకీ ఊళ్లు పట్టుకుని పోయేటప్పుడు తాత వెంట మా చిన్నాయన, నేను. పంతొమ్మిదేళ్ల చిన్నాయన కెమెరాను స్టాండు మీదికి ఎక్కించాలి, పన్నెండు ఫోటోలు కాగానే మళ్లీ దించాలి, ఎందుకంటే దించితే తప్ప వెనక తలుపు తెరిచి రీలు మార్చడం కుదరదు. నేనేమో పేడతో అలికిన నేల మీద స్టాండు జారకుండా ఒక కాలు పట్టుకుని కూర్చోవాలి. అక్కడ పిల్లలంతా పాయసం తాగుతూ నన్ను వెక్కిరిస్తుంటే, ఆ కొయ్యకాలు పట్టుకుని నేను పడిన ఉక్రోషం అంతా ఇంతా కాదు.

"తాతా, నాకు గూడా పాయసం!"

"ఉండవే, పాయసం యాడికీ పోదు. ఆ కాలు వదిల్నావంటే నీ కాలిరగ్గొడ్తా!"

నాకు తొమ్మిదేళ్లున్న ఏడు ఆయుధపూజ నాడు సన్నటి తుంపర పడుతోంది. బొరుగులు, శనగ గుగ్గిళ్లు, మా వైపు ఓళిగలనే బొబ్బట్ల మీద కాచిన నెయ్యి, పెరట్లో బూడిదగుమ్మడికాయ. అవ్వ కత్తిపీట నుంచి కుట్టుమిషను దాకా అన్నిటినీ చింతపండుతో తోమించి పసుపుకుంకాలు పెడుతూ స్టాండు దగ్గరికి వచ్చింది. ఇత్తడి మర మీద చిలుము ఉంది, తోమాలి కాబట్టి తోలుబిళ్లను ఊడదీసి ఆమె చేతిలో పెట్టింది నేనే.

"ఇదేందే? చెప్పుతోలా! దేవుని ముందర చెప్పుతోలు పెడతారా ఎవరన్నా? మీ తాతకు బుద్ధి యాడికి పోయిందో!" అంటూ అవ్వ దాన్ని రెండు వేళ్లతో ఎలకతోకలా పట్టుకుని తీసుకుపోయి పేడదిబ్బలోకి విసిరేసింది. తాతతో చెప్పాలని నాకు తోచింది, కానీ అప్పుడే గుమ్మడికాయ కొడుతున్నారని కేకేశారు, దాంట్లో వేసిన చిల్లర ఏరుకోవడానికి నేను పరుగెత్తాను.

మర్నాడు తెల్లారేసరికి ముగ్గురం పలమనేరులో బస్సు మారి కుప్పం వెళ్లాం. ఊరవతల ఒక రైతు ఇంట్లో మనవరాలికి చెవులు కుట్టే పండగ. వాకిట్లో పట్టుపురుగులు గూళ్లు కట్టే వెదురు చంద్రికలు గోడకు ఆనించి ఉన్నాయి, మల్బరీ ఆకు వాసన, తమిళమూ తెలుగూ కలిసిన గోల. ఎక్కడెక్కడి చుట్టాలో వచ్చి వరసలు కట్టారు, ముసలివాళ్లు కుర్చీల్లో, మగవాళ్లు వెనక బల్లల మీద, చెవులు కుట్టించుకునే పిల్ల ముందర పీట మీద. చిన్నాయన మర వైపు చూడకుండానే, ఎప్పటిలాగే రెండు వేళ్లతో మర తిప్పి ఆపాడు. తాత గాజుపలకలోకి వంగి చూసి విసుక్కున్నాడు.

"బొమ్మ ఊగుతాండాది రా. బిగించు."

"బిగించినా నాయనా. ఇంక తిరగడంల్యా."

"తిరగకపోతే యాల ఊగుతాది? ముహూర్తం పోతాండాది, బిగించు రా!"

చిన్నాయన అరచెయ్యంతా పట్టించి తిప్పాడు. కెమెరా లోపల టిక్కుమని చిన్న చప్పుడు. స్టాండు కాలు పట్టుకుని కింద కూర్చున్న నాకు అది స్పష్టంగా వినబడింది, బిళ్ల లేదన్న సంగతీ, అది లేకే మర మొన ముందుగా గుంత అడుగుకు తగిలి ఆగిందన్న సంగతీ అప్పుడే తట్టాయి. నోరు తెరిస్తే అవ్వ పేరుతో పాటు నా పేరూ బయటికి వస్తుంది. తెరవలేదు.

కడిగిన ఫోటోలు చూసి తాత ఎర్రగదిలోంచి చాలాసేపటిదాకా బయటికి రాలేదు. కెమెరాలో బొమ్మ తలకిందులుగా పడుతుంది గనుక, అడుగునుంచి దూరిన వెలుతురంతా మనుషుల తలల మీదికి పోయింది. పన్నెండు ఫోటోల్లోనూ ముందు వరసలో పిల్లలు చక్కగా ఉన్నారు, వెనక బల్లల మీది పెద్దవాళ్లకు మెడల పైన తెల్లటి మంట తప్ప ఏమీ లేదు. ఆ ఇంటివాళ్లు నలుగురు బస్సెక్కి వచ్చి, స్టూడియో ముందు నిలబడి సందంతా వినేట్టు అడిగారు, "మా తలకాయలు యాడప్పా?" అని. నలభై ఏళ్లుగా తల ఎత్తుకుని బతికిన తాత ఆ రోజు వాళ్ల ముందు తల దించుకున్నాడు. వాళ్లు వెళ్లాక చిన్నాయనతో ఒకే మాట అన్నాడు, "ఇంక దాని మింద చెయ్యి పెట్టద్దు." బిగించమని తానే చెప్పిన సంగతి తాతకు గుర్తు రాలేదు, చిన్నాయన గుర్తు చేయలేదు. బిళ్ల కుప్పం దారిలో ఎక్కడో జారిపోయిందనే ఇద్దరూ అనుకున్నారు, పేడదిబ్బ సంగతి వాళ్లకు తెలియదు. నెల తిరక్కుండా చిన్నాయన మదనపల్లె టమోటా యార్డులో మండీలో చేరిపోయాడు, మళ్లీ ఎవరి ఫోటోనూ తీయలేదు. అవ్వ అడపాదడపా "మొరటు చేతులు వాడివి" అంటూనే ఉండేది, నేను పక్కనే కూర్చుని ఓళిగలు తింటూనే ఉండేదాన్ని.

ఇవాళ మధ్యాహ్నం పాప పుట్టినరోజుకు చిన్నాయన గంపెడు టమోటాలు పట్టుకుని వచ్చాడు. స్టాండు మీది కెమెరాను చూసి గోడ వారగా జరిగి నిలబడ్డాడు. మా ఆయన ఏమీ తెలియక "చిన్నమామా, మీరైతే పనిమంతులు, మీరే తీయండి" అన్నాడు. ఇక ఆగలేక, ఆయనను కేకు తేవడానికి పంపించి, చిన్నాయనతో అంతా చెప్పేశాను, తోలుబిళ్ల, పేడదిబ్బ, టిక్కుమన్న చప్పుడు, అన్నీ. నవ్వి నెత్తిమీద మొట్టికాయ వేస్తాడనుకున్నాను, నిజం చెప్పాలంటే దానికి సిద్ధపడే చెప్పాను.

చిన్నాయన నవ్వలేదు.

"మీ తాత పొయ్యే ముందర పది దినాలు నేనే నీళ్లు తాపించినా. గ్లాసు నోటికాడ పెడితే నా చెయ్యి సూసి, 'మెల్లగా పట్టుకో రా' అన్న్యాడు. అప్పుడు గూడా." టమోటాల గంపను వంటింటి వైపు జరుపుతూ, "ఇప్పుడు నాకు చెప్తే ఏమొస్తాదమ్మా? ఆయప్పకు కదా చెప్పాల్సింది," అన్నాడు.

ఆ స్టూడియోలో ఇప్పుడు ఫోన్లకు తొడిగే కవర్లు అమ్ముతున్నారు. ఎర్రగది గోడ కొట్టేశారు, కొయ్యస్టాండు ఏమైందో ఎవరూ చెప్పలేరు, పన్నెండు ఫోటోలకని ముప్పై మందిని ఊపిరి బిగబట్టించి నిలబెట్టే మనిషి ఈ చుట్టుపక్కల లేడు, అవ్వా లేదు, తాతా లేడు. రీలు అట్టపెట్టెలోనే ఉంది. పాప కేకు కోయడం, ముఖానికి పూసుకోవడం, ఏడవడం అన్నీ మా ఆయన ఫోనులో వందకు పైగా తీశాడు. ఇప్పుడు ఒక్కొక్కటిగా వెతికి చూశాను, ఏ ఒక్కదాంట్లోనూ చిన్నాయన లేడు. కేకు రాకముందే, యార్డులో లోడు ఉందని చెప్పి వెళ్లిపోయాడు.