కుడితి బకెట్లో కళ్ళెం

టిక్.

కాసేపు ఆగి మళ్ళీ, టిక్. ఎవరో చిన్న భరిణె మూత తీసి వేస్తున్నట్టు ఉండే చప్పుడు. భిలాయిలో సెక్టర్ 4 క్వార్టరు ఒకదానిలో 1996 ఎండాకాలమంతా అది వినిపించింది. దాని వెనకే వరండాలోంచి ఒక గొంతు లేచేది.

"ఒలే ఛాయా, నాలికతో ఆ కళ్ళెం ఆడించకే. డాక్టరమ్మ ఏటి సెప్పింది నీకు?"

ఆ గొంతు జోగమ్మది. బొబ్బిలి దగ్గర పల్లెలో పుట్టి, పెళ్ళైన ఏడాదే భర్త నరసింగరావు వెంట ట్రంకుపెట్టె, ఇత్తడి చెంబు పట్టుకుని ఈ ఊరు వచ్చింది. అప్పటికి రోడ్డు పక్క మొక్కలు ఆమె మోకాలి ఎత్తున ఉండేవి. ఇప్పుడు వాటి నీడ వరండా దాకా వస్తుంది, ఆమె మంచమూ ఆ నీడతో పాటే జరుగుతుంటుంది. నరసింగరావు స్టీలు ప్లాంటులో, బొగ్గు కాల్చే కోక్ ఓవెన్ల దగ్గర చేసి రిటైరై, కొన్నాళ్ళకు కాలం చేశాడు. కొడుకు లక్ష్మీప్రసాద్ కూడా ప్లాంటులోనే. కోడలు భాగ్యరేఖ బడిలో టీచరు. ఛాయ వాళ్ళ కూతురు, ఆ ఏడే పదో తరగతికి వచ్చింది.

ఎంగిలి దగ్గర జోగమ్మ గట్టి మనిషి. గ్లాసు పెదవికి తగలనివ్వదు. ఆమె గ్లాసు వేరు, వంటింటి అరలో ఒక మూల బోర్లించి ఉంటుంది. కొరికిన జామకాయ మనవరాలు ఇచ్చినా పుచ్చుకోదు. కొత్త కోడలిగా ఉన్నప్పుడు, భర్త తిన్న కంచంలోనే తినమని అత్తగారు చెబితే ఆకలి లేదని లేచిపోయిందట. ఆ పూట పస్తున్న సంగతి చెప్పేటప్పుడు ఆమె ముఖంలో ఇప్పటికీ కొంచెం గర్వం ఉంటుంది.

అలాంటి ఇంట్లోకి, సరిచేసిన పళ్ళను కదలకుండా పట్టి ఉంచే ఛాయ రిటెయినర్ వచ్చింది. గులాబీ రంగు పలక, ముందు పళ్ళ మీదుగా ఒక సన్నటి తీగ. జోగమ్మ దానికి కళ్ళెం అని పేరు పెట్టింది.

ఛాయ పళ్ళు ముందుకు పొడుచుకొచ్చేవి. అవి జోగమ్మ పోలికే. పెళ్ళిచూపులనాడు "మూతి ముయ్యి" అని తల్లి తొడ మీద గిల్లితే మూసుకున్న నోరు ఆమెది. ఆ తర్వాత జీవితమంతా ఆమె కొంగు అడ్డం పెట్టుకునే నవ్వింది. ముందు పళ్ళు ఊడిపోయాక కూడా, నవ్వొస్తే చెయ్యి దానంతటది పైకి లేస్తుంది. ఒకరోజు టీవీ ముందు కూర్చున్న మనవరాలు అచ్చం అలాగే అరచెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వడం చూసింది. ఆ సాయంత్రమే కొడుకును పిలిచి, "దాని సెయ్యి దించాల్రా, డాక్టరుకు సూపించు" అంది.

రెండేళ్ళు పళ్ళకు తీగలు కట్టారు. భాగ్యరేఖకు బడి ఉండేది కనుక ప్రతిసారీ తోడు వెళ్ళింది జోగమ్మే. తీగలు తీసినరోజు పళ్ళ డాక్టరు ఇందుమతి, విజయనగరం మనిషి కనుక, తెలుగులోనే చెప్పింది.

"పళ్ళు పాత చోటు మర్చిపోవమ్మా. ఇది లేకపోతే కొద్దిరోజుల్లోనే వెనక్కి నడుస్తాయి. రాత్రీ పగలూ ఉండాలి. తినేటప్పుడు మాత్రం తీసి డబ్బాలో పెట్టాలి. మెత్తటి బ్రష్, చన్నీళ్ళు. వేడినీళ్ళు తగిలితే వంకర పోతుంది. నాలుకతో ఆడిస్తే వదులైపోతుంది. కాగితంలో మాత్రం చుట్టొద్దు, చెత్తలోకి పోతుంది."

జోగమ్మకు ఒకటే సందేహం. "ఆ డబ్బా ఎక్కడ పెట్టాలి?"

"మీ ఇల్లు, మీ ఇష్టం."

ఆమె ఇష్టం ప్రకారం డబ్బా పెరట్లో కుళాయి పక్క గోడ మీదికి వెళ్ళింది. నోట్లోంచి తీసింది వంటింట్లోకి రాకూడదు.

ఏప్రిల్ ఎండలో పెరటి గచ్చు పెనంలా కాలేది. ఛాయ కొన్నాళ్ళు గెంతుకుంటూ వెళ్ళి పెట్టి వచ్చింది. తర్వాత ఎవరూ చూడకుండా పాత పేపరు ముక్కలో చుట్టి కంచం అంచు కింద దాచడం నేర్చుకుంది.

ఒక ఆదివారం మధ్యాహ్నం అన్నం తింటుండగా ఎంతసేపటి నుంచో నిలబడ్డానని గేటు దగ్గర స్నేహితురాలు హిందీలో కేక వేసింది. "ఛాయా, చల్ నా, కబ్ సే ఖడీ హూఁ!" ఛాయ చెయ్యి కడుక్కుని పరుగెత్తింది. కంచాలు తీయడం జోగమ్మ పని. దానికీ ఒక పద్ధతి ఉంది: ఎడమచేత్తో కంచాన్నీ దాని కింద ఏముంటే దాన్నీ కలిపి పట్టి, ముఖం పక్కకు తిప్పుకుని, గేటు పక్కనున్న కుడితి బకెట్లోకి వంచుతుంది. మెతుకు వేలికి అంటదు, కంటికీ కనపడదు. ఎండ తగ్గాక పక్కనున్న మరోదా అనే ఊరి నుంచి పాలవాడి ఆవు వస్తుంది. బకెట్టు దానిది.

ఆ ఊళ్ళో ఆకాశం సాయంత్రం రెండుసార్లు ఎర్రబడుతుంది, ఒకసారి సూర్యుడికి, ఒకసారి ప్లాంటు కొలిమికి. మొదటి ఎరుపు ఇంకా రాకముందు జోగమ్మ మంచం మీద నడుం వాల్చి ఉంది. ఛాయ పక్కనే పుస్తకం తిరగేస్తోంది. ఏదో తక్కువైనట్టు అనిపించి జోగమ్మ కళ్ళు తెరిచింది.

"ఏటే, ఇందాకటి నుంచీ నీ టిక్కు లేదు?"

ఛాయ నాలుక పైకి వెళ్ళి ఊరికే తిరిగొచ్చింది. "నానమ్మా... పేపర్లో పెట్టాను. థాలీ నీచే... కంచం కింద."

జోగమ్మ గేటు వైపు చూసింది. ఆవు తల బకెట్లో ఉంది.

మోకాళ్ళ నొప్పి మనిషి ఎప్పుడు లేచిందో, ఎప్పుడు దిగిందో ఛాయకు తెలియలేదు. "అవ్వ, తీగ మింగేస్తాదే" అంటూ జోగమ్మ బకెట్టు పట్టుకుని లాగింది. ఆవు అటు లాగింది. కొమ్ముల మధ్య ఒక చెయ్యి ఆనించి, రెండో చెయ్యి మోచేతి దాకా కుడితిలో దించింది. అన్నం, మామిడి టెంకలు, అరటి తొక్కలు, నలుగురి ఎంగిలి, పైన ఆవు చొంగ. ఆమె కళ్ళు ఎక్కడో చూస్తుంటే వేళ్ళు అడుగంతా తడుముతున్నాయి. ఆవు తీరిగ్గా ఆమె భుజం నాకింది.

"ఛీ నానమ్మా, గందా హై, నేను తీస్తా..."

"నోరు ముయ్యి." అని, తల తిప్పి మనవరాలి మూతి చూసింది. "ముయ్యకులే. అటుండు, కొమ్ము తగుల్తాది."

వేలికి తీగ తగిలింది. పేపరు కరిగిపోయింది. పలక జిడ్డుగా, మెతుకులతో పైకి వచ్చింది.

చప్పుడుకు బయటికి వచ్చిన భాగ్యరేఖ చూసి, స్టవ్ మీద నీళ్ళు పెట్టడానికి తిరిగింది. "మరిగే నీళ్ళలో వేస్తే గానీ వీల్లేదత్తయ్యా."

"మరిగించీకు. వంకర తిరిగిపోద్ది. డాక్టరమ్మ సెప్పినప్పుడు నానక్కడే ఉన్నాను, విన్నాను. ఆ మెత్త బ్రష్షు తే, సబ్బు తే."

అంతవరకూ మైలను వేడినీళ్ళతో, పసుపుతో పోగొట్టిన మనిషి, కుళాయి దగ్గర కూర్చుని చన్నీళ్ళతో ఆ పలక లోపలి గాడి, తీగ వంపు, ఒక్కొక్కటీ తోమింది. మర్నాడు డాక్టరు వంగిన తీగను సరిచేసి, నోట్లో పెట్టి చూసింది. సరిపోయింది.

"ఎలా వంగింది?"

"కింద పడింది మేడమ్" అంది ఛాయ.

"ఆవు పళ్ళ కింద పడింది" అంది జోగమ్మ.

డాక్టరు నవ్వింది. ఛాయ కూడా నవ్వింది. జోగమ్మ చూసింది మనవరాలి చేతిని. అది ఒళ్ళోనే ఉంది.

ఇంటికి రాగానే డబ్బా పెరటి గోడ దిగి, వంటింటి అరలో ఆమె గ్లాసు పక్కన చేరింది. ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు. ఏడాది దాటింది. ఇప్పుడు ఛాయ దాన్ని రాత్రిళ్ళు మాత్రమే పెట్టుకుంటుంది. పొద్దున్నే తోమేది మాత్రం జోగమ్మే. పిల్ల పైపైన కడుగుతుందని ఆమె నమ్మకం.

మొన్న చూడ్డానికి వచ్చి ఈ సంగతులన్నీ చెప్పించుకుని, పెట్టిన ఉప్మా తిని, ఖాళీ పళ్ళెంతో బకెట్టు వైపు నడిచిన చుట్టపుమనిషికి జోగమ్మ మంచం మీంచే చెయ్యి చాపి అడ్డం పెట్టింది.

"ఉండమ్మా, అందులో ఒంపకు. ఆ పళ్ళెం ఇలా తే, ముందు నాను సూస్తాను."