వేళ్ళు చూపించండి

స్టీల్ ప్లాంటు కాలనీ సెక్టర్ 2 క్వార్టర్లో గిటార్ నేర్పేటప్పుడు నేను ముందు పాఠం అడిగేవాణ్ణి కాదు, వేళ్ళు చూపించమనేవాణ్ణి. తీగలు నొక్కి నొక్కి వేలికొసలు కాయలు కాస్తేనే ప్రాక్టీసు చేసినట్టు లెక్క. ఓ రోజు ఒక పిల్ల వేళ్ళు మెత్తగా తగిలాయి. "ఈ వేళ్ళతో చపాతీ పిండి పిసుక్కో, చలో!" అని అందరి ముందూ గెంటేశాను. ఏడుస్తూ వెళ్ళింది, మళ్ళీ రాలేదు.

మరుసటి వారం, ప్లాంటులో రిటైరై నా దగ్గర కొత్తగా చేరిన పెద్దాయన వేళ్ళు చూస్తే రాళ్ళలా ఉన్నాయి. ఆయన చెయ్యి ఎత్తిపట్టి, "ప్రాక్టీసంటే ఇదీ!" అని పిల్లలకు చూపించి, వాయించమన్నాను. ఒక్క తీగా సరిగ్గా పలకలేదు.

"ఏటి ప్రాక్టీసు మేస్టారూ? ముప్పయ్యేళ్ళు ఇనుంతో పన్జేసిన సెయ్యిది. గిటారింకా కొన్నేదు," అన్నారాయన.

ఆ పిల్లని వాయించమని నేను అడగనేలేదు.