టోపీ తిరగేసుకున్న శనివారం

మా చిన్నప్పుడు... కాదులెండి, మా చెల్లెలు ఎస్తేరు చిన్నప్పుడు. ఇంటికి పెద్దదాన్ని నేను, ఆఖరుది అది. దానికి పదమూడేళ్ళు, నాకప్పటికే ఇరవై ఎనిమిది.

ఆక్లాండ్‌కి పడమటగా హెండర్సన్‌లో అద్దె ఇల్లు. స్కూలు సెలవులు. శనివారం పొద్దున... కిటికీ అద్దాల నిండా చెమ్మ. అమ్మ వృద్ధుల రెస్ట్ హోమ్‌లో నైట్ డ్యూటీ దిగి వచ్చి, కాళ్ళు కడుక్కుని, ఉప్మాకి ఎసరు పెట్టింది. నాన్న హీటరు దగ్గరికి కుర్చీ లాక్కుని బైబిలు తెరిచారు. నేను చున్నీ తలమీద కప్పుకున్నాను.

మా ఇంట్లో ఒక్కొక్కరు ఒక్కో మాట ప్రార్థించడం పద్ధతి. మర్నాడు చర్చిలో ఎస్తేరు బాప్తిస్మం. ముగ్గురం దాని గురించే అడిగాం. చివర్న దాని వంతు వచ్చింది.

"ప్రభువా, ఇవాళ అవతలివాళ్ళని ఓడించు. ఆమేన్."

ముగ్గురం ఒకేసారి కళ్ళు తెరిచాం.

"ఎవర్నే?" అంది అమ్మ.

"ఎవర్నీ కాదు" అని ఉప్మా పళ్ళెంలోకి తల దించేసింది.

అమ్మకి అనుమానం అంతకుముందే ఉంది... సెలవులు మొదలైనప్పటి నుంచీ అది రోజూ పదకొండింటికి పక్కింటి మార్గరెట్ ఆంటీ దగ్గరికి పోతోంది. ఆవిడ అమెరికాలో పుట్టి, ఇక్కడి మనిషిని చేసుకుని వచ్చింది. ఆయన పోయి ఏడాది కాలేదు. పగలు కూడా తెరలు వేసే ఉంటాయి. లోపలి నుంచి ఉన్నట్టుండి కేక... తర్వాత నిశ్శబ్దం. బట్టలు ఆరేస్తూ అమ్మ ఒకసారి తెర సందులోంచి తొంగి చూసిందట. ఇద్దరూ టోపీలు లోపలివైపు బయటికి తిరగేసి పెట్టుకుని, చేతులు జోడించి కూర్చున్నారట! పైగా ఈ పిల్ల ఒకటే ఎర్రచొక్కా వేసుకుంటోంది, ఉతకనివ్వదు.

"అమెరికా నుంచి ఏవేవో బోధలొస్తున్నాయి. బాప్తిస్మం ముందే సాతాను పట్టుకుంటాడు" అంది అమ్మ గొంతు తగ్గించి.

నాన్న బైబిలు మూసి పక్కన పెట్టారు. "అదే నిజమైతే రేపు దాన్ని నీళ్ళలోకి దింపనివ్వను. పాస్టరుగారికి నేనే చెప్తాను" అన్నారు. నా వైపు తిరిగి, "పెద్దదానివి. వెళ్ళి చూసిరా" అన్నారు.

పదకొండింటికి ఎస్తేరు ఎప్పటిలాగే అటు వెళ్ళిపోయింది. వెనకాలే నేను ఒట్టిచేతులతో వెళ్తే బాగోదని అమ్మ గిన్నెలో సేమ్యా పాయసం పోసి ఇచ్చింది.

నేను గుమ్మంలో కాలు పెట్టానో లేదో, టీవీలో ఎవరో బంతిని జనం మధ్యకి కొట్టారు. ఆంటీ చెయ్యెత్తింది. "ఆ కుర్చీలో కూర్చో! నువ్వొచ్చావు, మావాళ్ళు కొట్టారు. ఇక కదలకు!"

కూర్చున్నాను, పాయసం ఒళ్ళో పెట్టుకుని... ఆట అయ్యేదాకా.

అది బేస్‌బాల్. ఆంటీ పుట్టిన ఊరి జట్టు. సీజను చివరి రోజులు. ఆవిడకి చూపు మధ్యలో మసకట, బంతి కనబడదు. కామెంటరీవాళ్ళు కబుర్లు ఎక్కువ చెబుతారు, బంతి సంగతి తక్కువ. ఇదివరకు భర్త చెప్పేవాడు. ఇప్పుడు ఎస్తేరు చెబుతోంది... "ఎడమపక్కకి కొట్టాడు ఆంటీ, పరిగెత్తుతున్నాడు, చేరిపోయాడు!" ఓడిపోతుంటే టోపీ తిరగేస్తారట. గెలుస్తుంటే చొక్కా ఉతకరట.

ఆరోజు గెలిచారు.

"రేపు కూడా గెలిస్తే ముందుకెళ్తారు. ఓడితే ఈ ఏటికి ఇంతే" అంది ఆంటీ. "నాకూ అంతే. తర్వాత ఇల్లు అమ్మేసి టౌరంగాలో మా అమ్మాయి దగ్గరికి వెళ్ళిపోతాను. మా ఆయన కుర్చీ పక్కన ఈ ఒక్క సీజను చివరిదాకా ఉందామని ఆగాను."

"రేపు ఆట ఎన్నింటికి?"

"పదకొండింటికి."

బాప్తిస్మం కూడా పదకొండింటికే. ఎస్తేరు నా మొహం చూడలేదు.

సాయంత్రం అందరం కూర్చున్నాం. చూసింది చూసినట్టు చెప్పాను.

అమ్మ నమ్మలేదు. "టోపీ తిరగేస్తే బంతి తగులుతుందా? విగ్రహారాధన కాక ఏంటది?"

"మరి మనవాళ్ళు బ్యాటింగ్ చేస్తుంటే నన్ను సోఫాలోంచి లేవనివ్వవుగా. అదేంటి?" అన్నారు నాన్న.

"అది వేరు."

"ఏం వేరు?"

"అది క్రికెట్టు."

నాన్న నవ్వాపుకుని ఎస్తేరుని అడిగారు, "రేపు ఏది కావాలమ్మా నీకు?"

"బాప్తిస్మమే నాన్నా" అంది అది వెంటనే. తర్వాత కళ్ళు తుడుచుకుంది. "కానీ ఆంటీకి బంతి ఎవరు చెప్తారు?"

నేను మనసులో చిన్న ప్రార్థన చేసుకుని, "నేను వెళ్తాను" అన్నాను.

"మతి పోయిందా? చెల్లెలి బాప్తిస్మానికి రావా?" అంది అమ్మ.

"నేను చూడకపోయినా దేవుడు చూస్తాడమ్మా. బంతి మాత్రం ఎవరో ఒకరు చూసి చెప్పాలి."

అమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "వెళ్ళు. ఆవిడ ఇచ్చిందేదీ తలమీద పెట్టుకోకు."

ఆ సాయంత్రం మా ఇంట్లో తేలింది అదే. వాళ్ళు ముగ్గురూ చర్చికి, నేను పక్కింటికి. హాల్లో పరిగెత్తి చేరాల్సిన చోట్లుగా నాలుగు దిండ్లు పరిచి, చపాతీ కర్ర పట్టుకుని ఎస్తేరు నాకు ఆట నేర్పింది. నాన్న బంగాళాదుంప విసిరారు. అమ్మ వంటగది గుమ్మంలోంచి అనుమానంగానే చూస్తూ నిలబడింది.

ఇప్పుడు మా వీధిలో ప్రతి తలుపుకీ కెమెరా ఉంది. పక్కింటివాళ్ళ మీద అనుమానాలు అలాగే ఉన్నాయి... వెళ్ళి వాళ్ళ మధ్య కాసేపు కూర్చుని రావడమే మానేశాం. మీరూ అలా అనుమానపడి, గుమ్మం దాటాక మనసు మార్చుకున్న ఇల్లు ఏదైనా ఉందా? ఉంటే రాయండి... చదువుతాను.